నిద్రగన్నేరు మానులో ఇద్దరు ఆడవాళ్ళు

2009 మే ఇరవై అయిదు, సోమవారం. ఐలా తుఫాను వచ్చిన రోజు. హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే కాలనీలో, తెలుగు పాఠశాల నుంచి గేటు దాకా ఉన్న రోడ్డు మీద, మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య తొమ్మిది నిద్రగన్నేరు చెట్లు పోయాయి. ఏడు చెట్లు వేళ్ళతో సహా లేచి రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. పాఠశాల పక్కన జంటగా పెరిగిన రెండు మాత్రం మనిషికి రెండింతల ఎత్తున విరిగి, మొండి మానులై నిలబడ్డాయి.

ఆ మధ్యాహ్నమే కామాక్షమ్మ భర్త గోవిందరాజుకు గుండెనొప్పి వచ్చింది. రోడ్డంతా చెట్లే. ఆటో రాదు, రిక్షా రాదు, ఫోను పలకదు. నలుగురు మనుషులు ఆయన్ని నులకమంచం మీద పడుకోబెట్టి, పడిన మానులు ఒక్కొక్కటే ఎక్కి దిగుతూ వానలోనే మోసుకుపోయారు. ప్రతి మాను దగ్గరా మంచం ఆగింది. కామాక్షమ్మ గొడుగు పట్టుకుని వెనకాలే నడిచింది. ఆ గొడుగు గాలికి ఎక్కడ పోయిందో ఆమెకు గుర్తు లేదు. ఏడో మాను దాటాక గోవిందరాజు కళ్ళు తెరిచి, మంచం కోడు పట్టుకున్న తన శిష్యుడు కూర్మయ్య వైపు చూశాడు. ఆస్పత్రి చేరేసరికి లేడు.

ఆ రోజు గురించి ఎవరడిగినా ఆమె ఇంతే చెప్పేది. ఇంకో మాట కలిపేది కాదు.

కామాక్షమ్మ ఆ పాఠశాలలో ఇరవై ఏడేళ్ళుగా తెలుగూ లెక్కలూ చెబుతోంది. కాలనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దలకూ పిల్లలకూ పంతులమ్మే. ఆమె తరగతిలో రబ్బరు వాడకూడదు. తప్పు లెక్కను చెరిపేయడానికి వీల్లేదు. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కనే సరైన లెక్క చెయ్యాలి. అలా తప్పులు పెట్టుకున్న పుస్తకాలతో ఆమె దగ్గర చదివి పెద్దవాళ్ళయినవాళ్ళు ఇప్పుడు హౌరా స్టేషన్లో టికెట్లు ఇస్తున్నారు, యార్డులో ఇంజన్లు నడుపుతున్నారు.

గోవిందరాజుది వేరే రకం పని. హౌరాలో ఒక ఫౌండ్రీలో ముప్పై ఎనిమిదేళ్ళు కర్ర అచ్చులు చెక్కాడు. ఇనుముతో ఏ వస్తువు పోతపోయాలన్నా ముందు దాన్ని కర్రతో చేయాలి. ఆ కర్రను ఇసుకలో ఒత్తితే పడిన గుంటలోకి కరిగిన ఇనుము పోస్తారు. కలకత్తా రోడ్ల మీద మ్యాన్‌హోల్ మూతలు, పార్కుల గేట్లు, దీపస్తంభాల పీటలు ఎన్నో మొదట ఆయన చేతిలో కర్రగా పుట్టినవే. ఎస్‌ప్లనేడ్ దగ్గర ట్రాము దిగినప్పుడల్లా ఆయన నేల చూస్తూ నడిచేవాడు. ఒకచోట ఆగి, చెప్పు కొసతో మూత అంచు తట్టి, "ఇది మనదే" అనేవాడు. అంతకు మించి గొప్పలు చెప్పుకోలేదు. కర్ర అచ్చు అరిగిపోయాక ఎవరికీ అక్కర్లేదు. ఒక చలికాలం ఫౌండ్రీలో పాత అచ్చులన్నీ పోగేసి తగలబెట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఇవాళ నా పదేళ్ళ పనితో అందరం చలి కాచుకున్నాం కామాక్షీ" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. మన పని జనం తొక్కుతారు గానీ చూడరు అని ఆయన ఇంకోసారి అన్నాడు. ఆ మాట ఆమె లోపల ఉండిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు కూర్మయ్య వచ్చాడు. ఇరవై ఏళ్ళ వయసులో గోవిందరాజు దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నవాడు. ఇప్పుడు యాభై దాటినా ఆయన్ని మేస్త్రి అనే అంటాడు, ఆమెను వదినా అంటాడు. గుమ్మం దగ్గరే నిలబడి, చేతిలో తువ్వాలు మడతపెడుతూ విప్పుతూ చెప్పాడు.

"వదినా, ఆ రెండు మొండి మానులూ ఆదోరం నాడు కొట్టించేస్తాం. మన వోళ్ళందరితో మాటాడినాను. నీ కళ్ళ ముందర అవెందుకు."

కామాక్షమ్మ బయటికి చూసింది. పడిన ఏడు చెట్లనీ కోసి తీసుకుపోయారు. రోడ్డు మీద ఎండ పడుతోంది, ఇంతకు ముందు ఎన్నడూ పడనంత.

"ఆ కర్ర మంచిదేనా?" అంది.

"ఏటి వదినా?"

"నిద్రగన్నేరు కర్ర. బొమ్మ చెక్కడానికి పనికొస్తుందా అని."

కూర్మయ్యకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తువ్వాలు భుజాన వేసుకుని మానుల దగ్గరికి వెళ్ళి, బెరడు కొంత ఒలిచి, గోటితో గీరి, వాసన చూసి వచ్చాడు. కర్ర బంగారంలా ఉంది అన్నాడు. మేస్త్రి ముఖం చెక్కుతాను, ఫోటో ఇమ్మన్నాడు.

"ఆయన ముఖం వద్దు" అంది కామాక్షమ్మ. "ఆయన ఉలులు ఇస్తాను. వాటితో చేసిన కర్ర పని ఒక్కటి జనం కంట పడాలి. తగలబెట్టకుండా, తొక్కకుండా నిలబడాలి. అంతే నాకు కావలసింది."

ఏం చెక్కాలన్న సంగతి మీద కాలనీ మొత్తం క్లబ్బు గదిలో కూర్చుంది. ఎన్నికలై నెల కూడా కాలేదు. గోడల మీద పార్టీల గుర్తులు, సుత్తీకొడవలీ, గడ్డిపూలూ ఇంకా ఆరినట్టు లేవు. యూనియన్లో తిరిగే రఘురాం పైకెత్తిన పిడికిలి చెక్కాలన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు దుర్గమ్మ అన్నారు. సింహాద్రి అప్పన్న అని ఒక ముసలాయన అంటే, చందనం ఎవరు పూస్తారు, తమరా అని పక్కాయన అడిగాడు. అలా గంట సాగింది. చివరికి గోడవార కూర్చున్న జగ్గమ్మ గొంతు విప్పింది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పదిహేనేళ్ళ పిల్లగా వచ్చి, ఈ యార్డులో పట్టాల కింద వేసే స్లీపరు దుంగలు మోసిన మనిషి.

"ఈ సెట్లు ఎవులు నాటినారు? దేవుడు నాటినాడేటి? పట్టాలు ఏసిన వోళ్ళం నాటినాం. నానూ నారాయణమ్మా కలిసి దుంగ మోసేవోళ్ళం. నాను ముందర, అది ఎనకాల. మొగోళ్ళు నలుగురు ఎత్తేవోరు దాన్ని. మేం ఇద్దరమే. మా బొమ్మ పెట్టరేటి?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కామాక్షమ్మ వెంటనే చెయ్యెత్తింది, తరగతిలో పిల్లలు ఎత్తినట్టు. ఒక్కొక్కటే మిగతా చేతులూ లేచాయి. రఘురాం చెయ్యి చివర లేచింది. పైకెత్తిన పిడికిలి కంటే నెత్తిన దుంగ బరువైనదే అని ఒప్పుకున్నాడు.

అలా తేలింది. రెండు మానులూ ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరి తలల మీదా చుట్టకుదుర్లు. వాటి మీద ఈ తల నుంచి ఆ తలకు ఒకే స్లీపరు దుంగ.

కాలనీ కట్టడాల బాధ్యత చూసే ఇంజనీరు సోమశేఖర్. గుంటూరు వైపు మనిషి, కొత్తగా వచ్చాడు. విరిగిన మాను ఎప్పటికైనా ప్రమాదమేనని ఆయన భయం. పిల్లలు తిరిగే చోటు కనక ఆ భయాన్ని కామాక్షమ్మ తప్పు పట్టలేదు. ఆయన ఒక కాగితం రాసిచ్చాడు: జనవరి ఇరవై తొమ్మిదిన స్వయంగా వచ్చి చూస్తాడు. అప్పటికి పని పూర్తయి, దుంగ కదలకుండా గట్టిగా ఉంటే మానులు ఉంటాయి. లేకపోతే ఆ రోజే రెండింటినీ కొట్టించేస్తారు. రెండో గడువు ఉండదు. ఆ కాగితాన్ని ఆమె హాజరుపట్టీలో పెట్టుకుంది.

కూర్మయ్యకు దొరికేవి ఆదివారాలూ పండగ సెలవులే. వానాకాలమంతా టార్పాలిన్ కింద చెక్కాడు. వెదురు పరంజా మీద అతను, కింద స్టూలు వేసుకుని జగ్గమ్మ. నారాయణమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. ఫోటో లేదు, పిల్లలు లేరు. ఆ ముఖం జగ్గమ్మకు ఒక్కదానికే తెలుసు. ముక్కు ఇలా కాదంటుంది, గడ్డం అలా కాదంటుంది, రెండు వారాల కిందట అవునన్నది ఇప్పుడు కాదంటుంది. ఓసారి కూర్మయ్య విసిగి, నువ్వే ఎక్కి చెక్కవే అత్తా అన్నాడు. దసరా సెలవుల్లో ముఖం పూర్తయింది. జగ్గమ్మ చాలాసేపు చూసింది.

"ఓరి బావూ, దాని ముక్కు మొద్దు ముక్కురా. నువ్వు సిలక ముక్కు ఎట్టీసినావు. ఇంత అందంగుంటే అది దుంగలు మోస్తాదేటి, మేడలోన కూకుండీది."

"చెక్కేదా మరి మళ్ళీ?" అన్నాడు కూర్మయ్య, ఉలి తీస్తూ.

"ఉండనీ. ఒక్కపాలైనా అందంగుండనీ దాన్ని."

జగ్గమ్మ తన ముఖం గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు. అది అచ్చంగా ఆమెలాగే ఉంది.

జనవరికి ఇద్దరు ఆడవాళ్ళూ తయారయ్యారు. మిగిలింది దుంగ. పడిన చెట్ల కర్రలో ఒకే ఒక్క పొడుగు కొమ్మను కూర్మయ్య ముందే అడిగి ఉంచుకున్నాడు. మిగతాదంతా కోతమిల్లుకు పోయింది. ఆ కొమ్మను టికియాపారాలో తన షెడ్డుకు చేర్చి, నలుపలకలుగా చెక్కి స్లీపరు ఆకారం తెచ్చాడు. ఇద్దరి తలల మీదా చుట్టకుదురు మధ్యలో, బొడిపెలా చెక్కిన ఒక్కో కుసి పైకి పొడుచుకుని ఉంది. దుంగ అడుగున రెండు బెజ్జాలు పడితే ఆ కుసులు వాటిలో దిగుతాయి. మేకు లేదు, ఇనుము లేదు. కర్రను కర్రే పట్టుకుంటుంది.

ఆ కొలత తనే వచ్చి తీసుకుంటానన్నాడు కూర్మయ్య. కానీ సరస్వతి పూజ దగ్గరపడింది. పందిరికి వెదుళ్ళు చాలక, పరంజా విప్పుకుపోతామని క్లబ్బువాళ్ళు అతను రాకముందే వచ్చి నిలబడ్డారు. పూజ పిల్లలది, కాదనడానికి కామాక్షమ్మకు నోరు రాలేదు. కూర్మయ్యకు ఫోను చేసింది. ఫౌండ్రీ నుంచి కదిలే వీలు లేదన్నాడు. నువ్వే కొలిచి చెప్పు వదినా, కుసి నడుమ నుంచి కుసి నడుమకు, అన్నాడు. నీ లెక్క తప్పదు కదా అని కూడా అన్నాడు.

యాభై నాలుగేళ్ళ పంతులమ్మ కొంగు బిగించి పరంజా ఎక్కింది. ఒక కుసి నడుమ నుంచి రెండో కుసి నడుమకు సన్నటి తాడు బిగించి లాగి, రెండు చోట్లా ముడి వేసింది. దిగి, ఆ తాడును పాఠశాల వరండాలో గచ్చు మీద నిటారుగా పరిచి, కొసల మీద రాళ్ళు పెట్టింది. తరగతిలో చెక్క స్కేళ్ళు ఉన్నాయి, వాటి అంచులు అరిగిపోయాయి. ఆమె ఇంటికి వెళ్ళి గోవిందరాజు స్కేలు తెచ్చింది. రెండడుగుల ఉక్కు స్కేలు. ఉలులు, బాడిశ, బరమా అన్నీ కూర్మయ్యకు ఇచ్చేసినా దాన్ని మాత్రం ఆమె ఉంచుకుంది. నూనె గుడ్డలో చుట్టి ట్రంకులో పెట్టేవాడు ఆయన, ఇంటి పనికి ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒక అంచున ఏవో చిన్న ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటే, అది చేసిన కంపెనీ పేరని ఆమె అనుకునేది. ఉలులు ఎలాగూ ఆయనవే. కొలత కూడా ఆయన స్కేలుతో ఉంటే బాగుంటుందని ఆమెకు అనిపించింది.

మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ ఒకటే వచ్చింది: ఏడడుగుల పదకొండున్నర అంగుళాలు. కూర్మయ్యకు ఫోనులో చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకుంది. తాడు చుట్ట చుట్టి బడి బీరువాలో పెట్టింది.

జనవరి ఇరవై ఎనిమిది, గురువారం. కూర్మయ్య రెండు రోజులు సెలవు పెట్టాడు. పూజ అయిపోయింది, వెదుళ్ళు తిరిగొచ్చాయి, పరంజా మళ్ళీ లేచింది. పట్టాల మీద పనిచేసే గ్యాంగు మనుషులు ఎనిమిదిమంది మోకులు కట్టి దుంగను పైకి లేపారు. కాలనీ అంతా కింద చేరింది. బడి వదిలిన పిల్లలు గోడెక్కి కూర్చున్నారు. ముందున్న జగ్గమ్మ బొమ్మ తల మీద దుంగ కూర్చుంది. కుసి బెజ్జంలోకి జారిన చప్పుడు కింద దాకా వినిపించింది. రెండో కొస దించారు. కూర్చోలేదు. ఇంకోసారి ఎత్తి దించారు. బెజ్జం ఇవతల ఉంది, కుసి అవతల ఉంది. అంగుళం తేడా.

కూర్మయ్య పరంజా మీదే తన టేపు తీసి కుసికీ కుసికీ మధ్య పట్టాడు. ఎనిమిది అడుగుల అర అంగుళం. బెజ్జాల మధ్య పట్టాడు. ఏడడుగుల పదకొండున్నర. అతను దిగి వచ్చి కామాక్షమ్మ ముందు నిలబడ్డాడు. ఆమే అంది, మూడుసార్లు కొలిచాను కూర్మయ్యా అని. లోపలికి వెళ్ళి స్కేలు తెచ్చి చేతికిచ్చింది.

కూర్మయ్య దాన్ని తీసుకుని తన టేపు పక్కన ఆనించాడు. మొదలు మొదలుకు సరిపోయింది. కొస దగ్గర, స్కేలు మీద రెండడుగులు అయ్యేసరికి టేపు మీద రెండడుగులు దాటి పావు అంగుళం పోయింది.

"వదినా, ఇది ఇళ్ళల్లో స్కేలు కాదు. మేస్త్రి ఇనుము స్కేలు."

అతను చెప్పాడు, ఆమెకూ చుట్టూ ఉన్నవాళ్ళకూ వినిపించేలా. పోసిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకని కర్ర అచ్చును ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టే పని లేకుండా ఆ ఎక్కువను ముందే కలిపి గీసిన స్కేలు ఇది. దీని మీద ప్రతి అంగుళమూ మామూలు అంగుళం కంటే వెంట్రుకంత పెద్దది. ఫౌండ్రీలో అందరికీ తెలుసు. ఇంట్లో తెలియాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ముప్పై ఏళ్ళు ఆ ట్రంకు తన మంచం కిందే ఉంది. ఆయన ఇంటి పనికి దాన్ని ఎందుకు ముట్టుకోనివ్వలేదో ఆమెకు ఆ పరంజా కింద నిలబడి తెలిసింది. సిగ్గు వేసింది. దాంతోపాటే ఇంకోటి కూడా కలిగింది, ఆ సమయంలో కలగకూడనిది: ఇంత సూక్ష్మంగా పనిచేసిన మనిషితోనా నేను కాపురం చేసింది అన్న గర్వం.

"తాడే పంపీస్తే సరిపోను కదా పంతులమ్మా" అంది జగ్గమ్మ స్టూలు మీది నుంచి. "సదువు ఎక్కువైతే ఇదే గొడవ."

నవ్వు ఒక్కసారిగా పైకి లేచింది. మోకులు పట్టుకున్న గ్యాంగు మనుషులు కూడా నవ్వారు. కామాక్షమ్మ ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"లెక్క నాది. తప్పూ నాదే. కూర్మయ్యది కాదు" అంది.

వేరే దుంగకు కొమ్మ లేదు. రేపు పదకొండు గంటలకు సోమశేఖర్ వస్తాడు. ఒక్కటే దారి ఉందన్నాడు కూర్మయ్య: దుంగ దించి, రెండో బెజ్జాన్ని అంగుళం బయటికి జరిపి మళ్ళీ పట్టాలి. పాత బెజ్జంలో మిగిలే ఖాళీని చంద్రవంక ఆకారపు కర్రముక్కతో బిగించాలి. లేకపోతే దుంగ ఊగుతుంది. పైన రంపపు పొట్టూ జిగురూ కలిపి రాసి, దుంగ రంగు పూసేస్తే ఎవరి కంటికీ కనపడదు. నీ పేరు రాదులే వదినా, అన్నాడు మెల్లిగా.

"కప్పొద్దు" అంది ఆమె.

"ఏటి?"

"వేరే రంగు కర్ర పెట్టు. తప్పు ఎక్కడ పడిందో కనపడాలి. పిల్లలు చూస్తున్నారు."

కూర్మయ్య గోడ మీద కూర్చున్న పిల్లల వైపు చూశాడు. వాళ్ళలో సగంమంది అతని కొడుకుల పిల్లలూ, అన్నల మనవలే. అందరికీ పంతులమ్మ రబ్బరు సంగతి తెలుసు. అతను తల ఊపాడు.

శుక్రవారం పొద్దున్నే, మంచు ఇంకా వీడకముందే పని మొదలైంది. కూర్మయ్య తాడు తెప్పించుకున్నాడు. ఈసారి స్కేలూ లేదు, టేపూ లేదు. ముడి నుంచి ముడికి దుంగ మీద గుర్తు పెట్టాడు. గోవిందరాజు బరమాతో కొత్త బెజ్జం పట్టాడు. పాత టేకు బల్ల ముక్కను నెలవంకలా చెక్కి ఖాళీలో కొట్టాడు. నిద్రగన్నేరు కర్ర గోధుమ రంగు, టేకు ముదురు తేనె రంగు. దుంగ అడుగున, చుట్టకుదురు అంచు అవతలికి వచ్చి, అది స్పష్టంగా కనిపిస్తోంది. తొమ్మిదిన్నరకు మోకులు బిగించారు. ముందు కొస కూర్చుంది. వెనక కొస కుసిని తాకి, ఒక క్షణం ఆగి, గట్టిగా ఒక చప్పుడుతో దిగింది. నారాయణమ్మ తల మీద దుంగ నిలబడింది. గ్యాంగు మనుషులు మోకులు వదిలారు.

జగ్గమ్మ లేచి నిలబడింది. ఎవరూ పట్టుకోకుండానే మానుల దగ్గరికి నడిచి వెళ్ళి, తన బొమ్మ పాదం మీద చెయ్యి పెట్టింది. తరవాత వెనక్కి నడిచి నారాయణమ్మ పాదం మీద పెట్టింది. వచ్చి కూర్చుంది.

సోమశేఖర్ పదకొండు కొట్టేసరికి వచ్చాడు. బొమ్మల వైపు చూడలేదు. ముందు దుంగను చూశాడు. పరంజా ఎక్కి భుజంతో నెట్టాడు. కదలలేదు. ఇద్దరు గ్యాంగు మనుషులను దుంగ పట్టుకుని వేలాడమన్నాడు. వేలాడారు. కదలలేదు. వేళ్ళ దగ్గర మట్టి తవ్వించి చూశాడు. కిందికి దిగి తలెత్తినప్పుడు అతనికి ఆ నెలవంక కనిపించింది.

"ఇదేంటమ్మా, అతుకా?"

"తప్పు సార్" అంది కామాక్షమ్మ. "నేను తప్పు కొలిచాను. పక్కనే సరిచేశాం."

అతను ఆమె వైపు చూశాడు. ఎవరు చెక్కారని అడిగితే కూర్మయ్య ముందుకొచ్చాడు.

"సేతులు నావి సార్. ఉలులు మా మేస్త్రివి. కొలత మాత్రం పంతులమ్మది" అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి కామాక్షమ్మ కూడా నవ్వింది. భర్త పోయాక కాలనీ ఆమె నవ్వు చూడటం అదే మొదలు.

సోమశేఖర్ అప్పుడు వెనక్కి నడిచి, రోడ్డుకు అవతల నిలబడి, బొమ్మలను చూశాడు. ముందు నడుస్తున్న మనిషి మెడ నరాలు బిగిసి ఉన్నాయి. వెనక మనిషి కళ్ళు ముందు మనిషి మడమల మీద ఉన్నాయి, అడుగు కలపడానికి. ఇద్దరి చీర కుచ్చెళ్ళూ మోకాళ్ళ పైకి దోపి ఉన్నాయి. కర్ర మీద ఉలి గాట్లు అలాగే వదిలేశాడు కూర్మయ్య, నునుపు చెయ్యలేదు. సోమశేఖర్ జేబులోంచి పెన్ను తీసి, హాజరుపట్టీ మీదే కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. మానులు ఉంటాయి.

ఆ తరవాత జనం రావడం మొదలైంది. లోకల్ రైలు దిగి నడిచి వచ్చినవాళ్ళు, గార్డెన్ రీచ్ నుంచి, ఖిదిర్‌పూర్ ఓడరేవు నుంచి మనవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లోనూ దుంగలూ, బొగ్గు గంపలూ మోసిన అమ్మమ్మలు ఉన్నారు. పక్క వీధి బెంగాలీలు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి ఖూబ్ భాలో, చాలా బాగుంది అని, ఈ ఇద్దరూ ఎవరు దిది అని కామాక్షమ్మను అడిగేవారు. పట్టాలు వేసినవాళ్ళు, మావాళ్ళు, అని ఆమె చెప్పేది. ఆ రెండో మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ ఉండేదానికంటే కొంచెం పైకి ఉండేది. జగ్గమ్మయితే రోజూ సాయంత్రం స్టూలు వేసుకుని అక్కడే కూర్చుని, ముందున్నది నానే అని అడగనివాళ్ళకు కూడా చెప్పేది.

ఓసారి మూడో తరగతి పిల్లలను వరసగా అటు తీసుకువెళ్ళినప్పుడు, వాళ్ళంతా దుంగ కింద నిలబడి తలలెత్తారు. నెలవంకను ఒకరికొకరు వేలితో చూపించుకున్నారు. అది పంతులమ్మ తప్పట అని వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. అవును, నాదే, అని ఆమె చెప్పి వరసను ముందుకు నడిపించింది.

ఏప్రిల్లో సోమశేఖర్ నుంచి ఇంకో కాగితం వచ్చింది. మానుల ముందు ఒక బోర్డు పెడుతున్నారు. బొమ్మలు ఎవరివో, ఎవరు చేశారో, ఎందుకు చేశారో మూడు భాషల్లో ఒక్కో వాక్యం కావాలి. ఇంగ్లీషు ఆఫీసులోనే రాశారు. బెంగాలీ వాక్యం క్లబ్బు సెక్రటరీ ఒక సాయంత్రంలో రాసి ఇచ్చాడు. తెలుగు ఎలాగూ పంతులమ్మదే.

ఆమె రోజూ బడి అయ్యాక వరండాలో కూర్చుని రాస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు రాస్తే దుంగ మోయడం గురించి చెప్పడానికి చోటు మిగలడం లేదు. కూర్మయ్య పేరు రాయకపోతే అన్యాయం. గోవిందరాజు పేరు రాస్తే ఆయన ఎలా పోయాడో చెప్పాల్సి వస్తుంది. చెప్పకపోతే ఆయన పేరు అక్కడ ఎందుకుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తడుముకుంటూ చదివే పిల్లలకు ఆ వాక్యం ఆగకుండా చదవడానికి రావాలి కూడా. ఒక మాట ఎక్కువైనట్టు అనిపిస్తే తీసేస్తుంది. తీసేశాక అదే మాట ముఖ్యమనిపిస్తుంది. కూర్మయ్య రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేశాడు.

మే ఇరవై అయిదుకు ఏడాది నిండింది. మానులు నిలబడి ఉన్నాయి. బోర్డు పెట్టారు. దాని మీద ఇంగ్లీషు ఉంది, బెంగాలీ ఉంది, కింద ఒక వాక్యానికి సరిపడా చోటు ఉంది. తెలుగు వాక్యం ఇంకా రాయలేదు.